కందిరీగల తుట్టె: పాపం ఎవరి ఖాతాలో?

వానలు తెరిపినిచ్చే రోజుల్లో సికింద్రాబాద్ అపార్ట్‌మెంట్లలో ఈ గొడవ మొదలవుతుంది. మారేడ్‌పల్లిలోనో, పద్మారావునగర్‌లోనో, బొల్లారంలోనో ఎవరో ఒకరు బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకొస్తారు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకో, సన్‌షేడ్ కిందో బూడిదరంగు కాగితపు ఉండ ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. అది రాత్రికి రాత్రి పుట్టుకొచ్చింది కాదు. పిడికిలంత ఉన్నప్పుడు ఎవరూ చూడలేదు, కొబ్బరిబొండమంత అయ్యాక అందరూ చూశారు. ఫోటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అరగంటలో గ్రూపు చీలిపోతుంది. “పిల్లలు తిరిగే ఇల్లు, రాత్రికి కిరోసిన్ గుడ్డతో కాల్చేయిద్దాం” అని ఒకరు. “వాటి మానాన అవి ఉన్నాయి, ముట్టుకుంటే పాపం” అని ఇంకొకరు. చివరికి సెక్రటరీగారు తేల్చేస్తారు: “గొడవెందుకండీ, వాచ్‌మన్‌తో చెప్పాను. ఎవరినో తెచ్చి తీయిస్తాడు.”

చంపడమా, వదిలెయ్యడమా అన్న మొదటి రెండు మాటల మీద మన మతాలు వేల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాయి. ఆ మూడో మాట మీద కూడా అవి తీర్పు చెప్పాయి. దాన్ని మాత్రం మనం పెద్దగా వినిపించుకోలేదు.

ధర్మం సంగతికి ముందు, వేలాడుతున్నది ఏమిటో తేల్చుకోవాలి. ‘పురుగులు’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే న్యాయమూ తప్పుతుంది, ప్రాణమూ మీదికొస్తుంది. నగరంలో ఎత్తైన భవనాల చూరుల కింద, వాటర్ ట్యాంకుల అడుగున, మర్రి రావి కొమ్మలకు ఒకే పలకగా వేలాడే పెద్ద తుట్టె కొండ తేనెటీగలది. పలక కనపడకుండా ఈగలే దాన్ని కప్పేసి ఉంటాయి. పూత కాలం అయిపోగానే అవి వలసపోతాయి, మరుసటి ఏడు మళ్లీ అదే చోటికి రావడం కూడా మామూలే. తేనెటీగ కుడితే దాని ముల్లు మన చర్మంలోనే ఉండిపోతుంది, కుట్టిన ఈగ చచ్చిపోతుంది. కిటికీ మూలల్లో కప్పు లేకుండా, గదులన్నీ బయటికి కనిపించేలా చిన్న గూడు కట్టేది సన్న కందిరీగ. ఇలాంటి ఒక జాతి కందిరీగల సంఘజీవనాన్ని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాలపాటు పరిశీలించి, 2001లో పెద్ద గ్రంథమే రాశారు. ఒక్కో ఈగకు గుర్తుగా రంగు చుక్క పెట్టి, ఏది ఏ పని చేస్తోందో ఏళ్ల తరబడి రాసుకున్నారు. రాణి చనిపోతే దాని చోటికి ఎవరు వస్తారన్న ప్రశ్నకే ఎంతో కాలం పట్టింది. మన కిటికీ మూల అంత రాజ్యాంగం నడుస్తోందని చీపురు తీసుకెళ్లేవాళ్లకు తెలియదు.

భయపడాల్సింది పెద్ద కందిరీగకు. గోధుమ నలుపు ఒంటి మీద పసుపో నారింజో పట్టీ ఉంటుంది. చెక్కను నమిలి, లాలాజలం కలిపి, ఆ గుజ్జుతో కాగితం తయారుచేసుకుంటుంది. కొన్ని జాతులు బయట వేలాడదీస్తాయి, కొన్ని చెట్టు తొర్రలోనో గోడ సందులోనో నేల బొరియలోనో కడతాయి. దీని ముల్లుకు పెద్ద కొక్కేలు ఉండవు గనక ఒకే ఈగ మళ్లీ మళ్లీ కుట్టగలదు. గూడు కదిలితే ప్రమాద సంకేతంగా ఒక వాసన వదులుతుంది, ఆ వాసనకు మిగతావన్నీ లేస్తాయి. గూటి దారిన పోనంతసేపు మాత్రం దానికి మనిషితో పనిలేదు. గొంగళి పురుగుల్ని, ఈగల్ని వేటాడి పిల్లలకు పెట్టుకోవడమే దాని దినచర్య. కూరగాయల మడిలో పురుగు మందు చేసే పనిలో కొంత అది ఊరికే చేసిపెడుతుంది.

ఇక నాలుగోది కుమ్మరి పురుగు. మట్టి ముద్దలు తెచ్చి తలుపు సందులో, దేవుడి పటం వెనకా గూడు కడుతుంది. ఒంటరి జీవి. గూడు కాపాడుకోవడానికి మనుషుల మీద పడదు. కొన్ని ఇళ్లలో ఆ మట్టిగూడు కడితే ఇంట్లో పురుడొస్తుందని నమ్మి, ముట్టుకోనివ్వరు. తమాషా ఏమిటంటే మన వేదాంతానికి ఎక్కువగా పనికొచ్చిన కందిరీగ ఇదే. భ్రమరకీట న్యాయం విననివాళ్లు తక్కువ. గూట్లో బంధించిన పురుగు, తనను బంధించిన భ్రమరాన్నే భయంతో తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి భ్రమరమైపోతుందట. అలాగే జీవుడు బ్రహ్మను ధ్యానించి బ్రహ్మమవుతాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన ఇరవైనలుగురు గురువుల్లో ఈ పురుగుకు కూడా పీట వేశారు. లోపల జరిగేది మాత్రం వేరు. కందిరీగ ఆ పురుగును కుట్టి, చావకుండా కదలకుండా చేసి, పక్కనే గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ తాజా మాంసం తిని, రెక్కలు మొలిచాక బయటికొస్తుంది. బయటికొచ్చింది బందీ కాదు, బందీని తిన్నవాడు. దాదాపు ఇదే దృశ్యం చార్లెస్ డార్విన్‌ను ఎదురు దారిలో నడిపించింది. బతికున్న గొంగళి పురుగుల లోపల పిల్లల్ని పెంచే కందిరీగ జాతిని దయామయుడైన దేవుడు కావాలని సృష్టించాడంటే తాను నమ్మలేనని 1860 మే 22న అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఒకే గూడు ఒకరికి మోక్షమార్గం, ఇంకొకరికి దేవుడి మీద సందేహం.

అంచేత కందిరీగ దగ్గర నీతి పాఠం నేర్చుకోవాలని చూడటం వృథా. దానితో మనం ఎలా నడుచుకోవాలన్నదే తేలాల్సిన ప్రశ్న.

పురుగును హింసిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు మొదట చెప్పింది మహాభారతంలోని మాండవ్యుడి కథ. మౌనవ్రతంలో ఉన్న ఆ ముని ఆశ్రమంలో దొంగలు సొత్తు దాచారు. రాజభటులు మునిని కూడా దొంగల్లో జమకట్టి కొరత వేశారు. తరవాత ఆయన యమధర్మరాజు దగ్గరికి వెళ్లి, నేనేం పాపం చేశానని నిలదీశాడు. చిన్నప్పుడు తూనీగల్ని పుల్లలకు గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలితమిది అన్నాడు యముడు. మాండవ్యుడికి మండిపోయింది. తెలియని వయసులో చేసిన పనికి ఇంత శిక్షా అని, నువ్వు శూద్రయోనిలో పుట్టమని యముడినే శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. అంతటితో ఆగకుండా, పద్నాలుగేళ్లు నిండేదాకా చేసిన పనికి పాపం అంటదని కొత్త కట్టడి కూడా పెట్టాడు. ఈ కథను పిల్లలకు ‘పురుగుల్ని హింసించకండి’ అన్న నీతికి చెబుతాం. కథలో శిక్ష పడింది మాత్రం లెక్క తప్పిన న్యాయాధికారికి. పురుగు ప్రాణానికీ మనిషి బాధకూ మధ్య తూకం ఉండాలని, చేసినవాడికి తెలివి ఉందా లేదా చూడాలని ముని పట్టుబట్టాడు. అంటే తుట్టె దగ్గర మనం పడే తగువు పాతదే.

తెలివి, ఉద్దేశం అన్న చోట బౌద్ధులూ జైనులూ గట్టిగానే తలపడ్డారు. ధమ్మపదం మొదటి గాథకు వ్యాఖ్యానంగా చక్ఖుపాలుడనే గుడ్డి స్థవిరుడి కథ చెబుతారు. వాన వెలిసిన రాత్రి ఆయన నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చిపోయాయి. తోటి భిక్షువులు వెళ్లి ఫిర్యాదు చేస్తే, ఆయనకు చంపాలన్న తలపు లేదు గనక దోషం లేదన్నాడు బుద్ధుడు. జైనులకు ఇది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. మనసు మంచిదే అయినా కాలు పడితే పురుగు చస్తుంది కదా, కాలు ఎక్కడ పెడుతున్నావో చూసుకోవాల్సింది నువ్వే కదా అని వాళ్ల ప్రశ్న. కందిరీగ, తేనెటీగ, దోమ, తేలు వాళ్ల లెక్కలో నాలుగు ఇంద్రియాల జీవులు. తేనె తాగడమే దోషం. వానాకాలం నాలుగు నెలలూ సాధుసాధ్వులు ఊళ్లు తిరగడం మాని ఒక్కచోట చాతుర్మాస్యం గడపడానికి కారణం, ఆ రోజుల్లో నేల నిండా జీవరాశి ఉండటమే. సికింద్రాబాద్ పాట్ మార్కెట్, జనరల్ బజార్ చుట్టుపక్కల మార్వాడీ, గుజరాతీ జైన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి గనక ఈ సంగతి ఇక్కడివారికి కొత్త కాదు.

అంత కఠినమైన జైనం కూడా గృహస్థును సన్యాసితో ఒకే తక్కెడలో పెట్టలేదు. హింసను నాలుగు రకాలు చేసింది. వంట, ఊడవడం వంటి ఇంటిపనుల్లో జరిగేది ఆరంభి. వ్యవసాయం, వ్యాపారంలో జరిగేది ఉద్యోగి. తననూ తనవాళ్లనూ కాపాడుకోవడంలో జరిగేది విరోధి. చంపాలని పూనుకుని చేసేది సంకల్పి. గృహస్థు పూర్తిగా విడిచిపెట్టాల్సింది నాలుగోదాన్ని. మిగతా మూడింటిని తగ్గించుకోవాలి, తప్పనిచోట తప్పదు. మనుస్మృతి మూడో అధ్యాయం కూడా ఈ దారిలోనే నడిచింది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ, ఈ ఐదూ గృహస్థు ఇంట్లో ఉన్న ఐదు కసాయిశాలలంది. వాటి దోషం పోవడానికే రోజూ ఐదు యజ్ఞాలు చేయమంది. వాటిలో ఒకటి భూతయజ్ఞం, అంటే తన అన్నంలోంచి ఇతర జీవులకు వాటా తీసిపెట్టడం. చీపురు పట్టిన ప్రతి ఇల్లూ హింస చేస్తూనే ఉందని ఒప్పుకున్న ధర్మశాస్త్రం, బాల్కనీలో తుట్టె తీయించినవాణ్ణి చూసి ఉలిక్కిపడదు. బదులుగా ఏం పెట్టావని మాత్రం అడుగుతుంది.

సికింద్రాబాద్‌కు ఈ వాదంలో తనదంటూ ఒక సాక్ష్యం ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సర్జన్ రోనాల్డ్ రాస్ ఒక ఆడ అనాఫిలిస్ దోమను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. మలేరియా రోగిని కుట్టించి పెంచిన దోమ అది. కుట్టిన ఒక్కో దోమకు ఆ రోగికి ఒక అణా చొప్పున ఇచ్చాడు. అంతకుముందు రాస్ కోసిన దోమలకు లెక్కలేదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది, ఆ భవనం ఇప్పటికీ ఉంది. మలేరియాతో చావాల్సిన ఎన్ని లక్షలమంది ఆ దోమల చావువల్ల బతికారో చూసినవాళ్లెవరూ, పురుగు ప్రాణం మనిషి ప్రాణంతో సమానమని ఈ ఊళ్లో నిలబడి చెప్పలేరు. 1926లో గాంధీకి కూడా ఇలాంటి పరీక్షే ఎదురైంది. అహ్మదాబాద్ మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ తన మిల్లు ఆవరణలో తిరిగే అరవై కుక్కల్ని చంపించాడు. పిచ్చికుక్కలు మనుషుల్ని కరుస్తుంటే మరేం చేస్తారని గాంధీ ఆయన్ను సమర్థించాడు. దేశమంతటి నుంచీ కోపంగా ఉత్తరాలు వస్తే ‘యంగ్ ఇండియా’లో వరసగా జవాబులు రాశాడు. వెనక్కి మాత్రం తగ్గలేదు.

అయితే దోమకూ పిచ్చికుక్కకూ వర్తించిన న్యాయాన్ని తీసుకొచ్చి కందిరీగ మెడకు చుట్టలేం. దోమ మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. కందిరీగ తన గూడు చుట్టూ గిరి గీసుకుని కూర్చుంటుంది, గిరి దాటినవాణ్ణే కుడుతుంది. ఇక్కడ అవసరం ఎక్కడికక్కడ రుజువు కావాలి. ఆరో అంతస్తు బయటి గోడ మీద, ఎవరూ వెళ్లని చోట ఉన్న తుట్టెను “ఎందుకైనా మంచిది” అని తీయించడం సంకల్ప హింసే, దానికి ఆత్మరక్షణ అని పేరు పెట్టినా సరే. అదే తుట్టె పిల్లలు దిగే మెట్ల పక్కన, లిఫ్ట్ రూమ్ తలుపు మీద, ప్లంబర్ రోజూ ఎక్కే ట్యాంకు నిచ్చెన దగ్గర ఉంటే తీయించాల్సిందే. దాని మీద పాపమని గింజుకోనక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోయిన అనుభవం ఉంటే, దూరాల లెక్క ఇంకా కఠినంగా చూసుకోవాలి.

తీయించాలని తేలాక, ఎలా అన్నది వస్తుంది. మొదట అందరికీ తోచేది నిప్పు. ఈ విషయంలో ఇస్లాం చెప్పిన మాట బహుశా అన్నిటికంటే సూటిగా ఉంటుంది. ఖురాన్‌లో ‘తేనెటీగ’ పేరుతోనే ఒక అధ్యాయం ఉంది, పదహారోది. కొండల్లో, చెట్లలో, మనుషులు కట్టుకునే కట్టడాల్లో కూడా ఇళ్లు ఏర్పరచుకోమని దేవుడే తేనెటీగకు ప్రేరణ ఇచ్చాడంటుంది. సన్‌షేడ్ కింది తుట్టె ఆక్రమణ అని వాదించేవాళ్లు ఈ మాట ఒకసారి చూడాలి. హదీసుల్లో పూర్వకాలపు ప్రవక్త ఒకరి కథ వస్తుంది. చీమ కుట్టిందన్న కోపంతో ఆయన చీమల పుట్టనే కాల్పించాడు. ఒక్క చీమ కుడితే తనను స్తుతించే ఒక సమాజాన్నే కాల్చేస్తావా అని దేవుడు మందలించాడు. మరోచోట ముహమ్మద్ ప్రవక్త కాలిన చీమల పుట్టను చూసి, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పుకు ప్రభువైనవాడికే ఉందన్నారు. చంపొద్దని చెప్పిన జీవుల్లో తేనెటీగను, చీమను కూడా చేర్చారు.

ధర్మం వద్దన్న నిప్పును క్షేమం కూడా వద్దంటుంది. కాగితపు గూడు భగ్గున మండి కింద పడుతుంది. పక్కనే ఏసీ గొట్టాలు, కరెంటు తీగలు, ఆరేసిన బట్టలు ఉంటాయి. లోపలివి కొన్ని చస్తాయి, మిగిలినవి వెలుగు ఉన్న వైపుకి, అంటే కాగడా పట్టుకున్న మనిషి మీదికి వస్తాయి. బయటికి వెళ్లినవి తెల్లారి తిరిగొచ్చి, గూడు లేక అక్కడే తిరుగుతూ కనపడ్డవాళ్లను కుడతాయి. గోడ కన్నంలో పెట్రోలు పోయడం ఇంకా ఘోరం. కన్నానికి సిమెంటు మెత్తడం కూడా పనిచేయదు, లోపలివి గది వైపు దారి చేసుకోవచ్చు. రాయి, పొడుగు కర్ర, నీళ్ల పైపు, దీపావళి రాకెట్, వీటన్నిటికీ ఫలితం ఒకటే.

కందిరీగ కోపాన్ని మన పూర్వీకులు తక్కువ అంచనా వేయలేదు, దాన్ని దేవతగా చేశారు. అరుణాసురుణ్ణి చంపడానికి అమ్మవారు అసంఖ్యాక భ్రమరాలను పుట్టించి భ్రామరి అయింది. శ్రీశైలంలో భ్రమరాంబ గర్భగుడి వెనక గోడకు చెవి ఆనిస్తే ఇప్పటికీ ఝుంకారం వినిపిస్తుందని భక్తుల నమ్మకం. సింహాచలం మీదికి వచ్చిన తురుష్క సేనను గోగులపాటి కూర్మనాథకవి శతకం పాడి ఆపాడని, స్వామి పంపిన తుమ్మెదలు వాళ్లను తరిమాయని ఉత్తరాంధ్రలో చెప్పుకుంటారు. బైబిల్ నిర్గమకాండంలో కూడా దేవుడు తన ప్రజలకు ముందుగా పెద్ద కందిరీగలను పంపుతానంటాడు. ఈ కథలన్నిట్లోనూ ఈగలు సైన్యమే. నిద్రపోతున్న సైన్యం మీదికి కాగడాతో వెళ్లకూడదన్న ఇంగితం వాటిలో ఉంది.

ఇప్పుడు సెక్రటరీగారి మాట. “ఎవరినో తెచ్చి తీయిస్తాడు.”

పతంజలి యోగసూత్రాలు రెండో పాదంలో హింసను మూడుగా విడగొట్టాయి: తాను చేసింది, ఇంకొకరితో చేయించింది, చేస్తుంటే సరేనన్నది. వ్యాసభాష్యం దీన్ని లోభం, క్రోధం, మోహం అన్న కారణాలతోనూ, తీవ్రతతోనూ గుణించుకుంటూ పోయి ఎనభైయొక్క రకాలు తేల్చింది. జైనులు కూడా క్షమాపణ చెప్పుకునేటప్పుడు చేసినదాన్ని, చేయించినదాన్ని, ఆమోదించినదాన్ని ఒకే వరసలో చెప్పుకుంటారు. ఇంత స్పష్టంగా ఉన్నా మనకు అలవాటైన తప్పించుకునే దారి మాత్రం రెండోదే. చేతికి మట్టి అంటకుండా పని జరగాలి. దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా టెర్రస్ మీద ఇంకెవరో పొగ పెడుతుంటాడు.

ఆ ఇంకెవరోనే ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ప్రాణి. ఒంటికి గోనెసంచి, తలకు మఫ్లర్, చేతిలో పొగ కాగడా. నడుముకు కట్టిన తాడు పిట్టగోడ ఇవతల ఇనప ఊచకు ముడేసి ఉంటుంది. నిచ్చెన మీద ఉండగా పది ఈగలు మొహం మీద పడితే మనిషి చెయ్యి వదిలేస్తాడు. కుట్టడం కంటే ముందు పడటమే అతన్ని చంపగలదు. “పాపం పురుగులు” అని బాధపడినవారు, “కాల్చేయండి” అని తొందరపడినవారు, ఇద్దరూ కింద నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటారు.

మనుస్మృతి పదకొండో అధ్యాయంలో ఒక లెక్క ఉంది. ఎముకల్లేని పురుగును చంపితే ప్రాణాయామం చాలు, శుద్ధి అయిపోతుంది. కానీ ఎముకల్లేని జీవుల్ని బండెడు చంపితే శూద్రుణ్ణి చంపినంత ప్రాయశ్చిత్తం చేయాలి. పురుగు మీద దయ చూపుతున్నట్టు కనిపించే ఈ శ్లోకం, చదువుతుంటే మనిషిని ఎంతకు దించిందో తెలుస్తుంది. దాన్ని తిట్టడం ఈరోజు సులువు. గోనెసంచి కట్టుకున్న మనిషి చేతిలో ఎంతో కొంత పెట్టి పిట్టగోడ దాటించే సొసైటీ మాత్రం ఆ శ్లోకాన్ని చదవకుండానే పాటిస్తోంది.

నల్లమల చెంచులు ఈ పనిని ఇంకోలా చేస్తారు. లోయ అంచు నుంచి తాడు మీద దిగి, బండ కింద కొండ తేనెటీగల పట్టు తీసేవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతుల్లో ఉంటుంది. ఆ తాడు పట్టేది బావమరిది కావాలన్నది వాళ్ల ఆనవాయితీ. అక్కో చెల్లెలో విధవ కావాలని ఏ అన్నదమ్ముడూ కోరుకోడు గదా. పైన ఉన్నవాడి స్వార్థాన్ని కిందివాడి ప్రాణానికి ముడేసిన ఏర్పాటు అది. వాళ్లకు తేనె బతుకుతెరువు, ఈగలు శత్రువులు కావు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తాడు ముడేసినవాడికీ కింద దిగినవాడికీ ఏం సంబంధం ఉందని ఎవరైనా అడిగారా?

కాబట్టి తీయించక తప్పనప్పుడు, రక్షణ దుస్తులూ అనుభవమూ ఉన్నవాళ్లతోనే తీయించాలి. పెద్ద కందిరీగల గూడైతే చీకటిపడి ఈగలన్నీ లోపలికి చేరాక, ఎర్ర దీపం వెలుగులో పని చేస్తారు. ఎరుపు కీటకాలకు సరిగా కనపడదు. మందు కొట్టి, గూడు సంచిలోకి దింపి, సందు మూసేస్తారు. వేగంగా ముగిసే చావు, సగం కాలి కిందపడి కొట్టుకునే చావు కంటే నయం. చిన్న పుట్ట తేనెటీగలైతే పెంపకందారులు వాటిని పెట్టెలోకి మార్చగలరు, చంపాల్సిన పనే లేదు. కొండ తేనెటీగలు పెట్టెలో ఇమడవు. వాటి విషయంలో చాలాసార్లు సరైన పని, ఆ మూలకు తాడు కట్టి ఎవరినీ వెళ్లనివ్వకుండా, వలసపోయేదాకా ఓపిక పట్టడం. ఖాళీ అయ్యాక పలకను, మైనం మరకను గీకేయించాలి. ఈలోగా పెయింటర్‌కు, ఏసీ మెకానిక్‌కు, చెత్త తీసుకెళ్లే ఆమెకు కూడా చెప్పి ఉంచాలి. కుట్టించుకునేది ఎక్కువగా తెలియనివాళ్లే.

అన్నీ చూసుకున్నా ఒక్కోసారి ఈగలు లేస్తాయి. అప్పుడు చేతులు విసరకుండా, మొహం గుడ్డతో కప్పుకుని తిన్నగా ఏదో ఒక మూసిన గదిలోకి పరుగెత్తాలి. సంపులోకో తొట్టెలోకో దూకకూడదు, తల పైకెత్తేదాకా అవి కాచుకుని ఉంటాయి. తేనెటీగ ముల్లుంటే ఆలస్యం చేయకుండా గోటితో గీకేయాలి. సబ్బుతో కడిగి ఐస్ పెట్టాలి. సున్నం రాయడం మన అలవాటు, దాన్ని నమ్ముకుని ఆసుపత్రి మానొద్దు. పెదాలు, కళ్లు వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా అది ఒళ్లంతా ఎదురుతిరగడం. తొడ కండరంలోకి ఆడ్రినలిన్ సూది తక్షణం పడాలి. ఈ ప్రతిచర్యను శాస్త్రవేత్తలు చార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ ప్రపంచానికి వివరించింది కూడా రాస్‌కు నోబెల్ వచ్చిన 1902లోనే. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది, ఫోన్ చేయడానికి సందేహించొద్దు. పెద్ద కందిరీగలు పదుల సంఖ్యలో కుట్టాయంటే, మనిషి బాగానే కనిపిస్తున్నా ఆసుపత్రిలో ఉంచాలి. విషం కండరాలను, రక్తకణాలను దెబ్బతీసి, ఆ శిథిలం మూత్రపిండాలకు అడ్డుపడుతుంది. అది బయటపడటానికి రోజులు పట్టొచ్చు.

భూతయజ్ఞం చేయాలనుకునేవారికి అవకాశం దగ్గరలోనే ఉంది. మెట్ల పక్క తుట్టెను తీయించిన సొసైటీ, కాంపౌండ్ చివరి చెట్టు మీది దాన్ని ఉండనివ్వొచ్చు. కుమ్మరి పురుగు మట్టిగూటిని ఊరికే వదిలేయొచ్చు. వేసవిలో టెర్రస్ మీద మట్టి మూకుట్లో నీళ్లు పెట్టొచ్చు. జీవకారుణ్యం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో 1976లోనే చేర్చారు, హోమాలు చేయనివాళ్లకు కూడా అది వర్తిస్తుంది.

గోడ దాటే మనిషి విషయంలో సొసైటీ కమిటీలకు ఒక విజ్ఞప్తి. పనికి ఒప్పుకునేముందు అతనికి ముసుగున్న సూటు, నడుముకే కాకుండా భుజాలకూ తొడలకూ పట్టే బెల్టు ఉన్నాయా, కింద ఇంకో మనిషి ఉన్నాడా చూడండి. ఇంతకుముందు ఈగ కుడితే ఎలా ఉండేదో అతన్నే అడగండి. ఆ సూటూ బెల్టూ తోడు మనిషీ లేకపోతే ఎంత తక్కువకు వచ్చినా పంపించేయండి. ఉంటే, పడినా కుట్టించుకున్నా ఆసుపత్రి ఖర్చు సొసైటీదేనని ముందే రాసి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టించండి.